దిష్టి కన్ను

మా వదిన సక్కుబాయి గురించి నాలుగు మాటలు రాసివ్వమని మా ల్యాబు పత్రికవాళ్లు నన్ను అడిగారు. ఇంకెవరూ దొరకలేదా అన్నాను. "ఆమె గురించి మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు రామ్‌చందర్ గారూ?" అన్నారు. అది నిజమే. నలభై ఏళ్లుగా ఒక మనిషిని చూసి కుళ్లుకున్నవాడికి ఆ మనిషి గురించి తెలియనిదంటూ ఉండదు. పత్రికకు అరపేజీ ఇచ్చాను. అందులో పట్టనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

శాలిబండలో మాది జల్లెడల ఇల్లు. ముందు గది దుకాణం, వెనక రెండు గదుల్లో సంసారం. మా బాపు సోమయ్య రేకుకు చిల్లులు కొట్టి జల్లెడలు, బూందీ జారాలు, పిండి గిర్నీలకు తెరలు చేసేవాడు. పెద్ద సరంజామా ఏమీ ఉండేది కాదు. కింద సీసం దిమ్మ, దాని మీద రేకు, ఒక చేతిలో సుంబా, ఇంకో చేతిలో సుత్తి. సుంబా అంటే మొన కోసేసిన మేకులాంటి ఉక్కు కడ్డీ. ఒక్క దెబ్బకు ఒక చిల్లు. మా పనిలో దాన్ని చిల్లు అనరు, కన్ను అంటారు.

నాకు పదహారేళ్లప్పుడు మా అన్న వైకుంఠానికి పెళ్లయింది. అన్న ఆర్టీసీలో కండక్టరు. వదినది మాదన్నపేట, వాళ్ల నాయన మార్కెట్‌లో కూరగాయలు అమ్మేవాడు. వచ్చిన కొత్తలో ఆమె ఆ టకటకకు తట్టుకోలేక చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసేది. ఒకరోజు బాపు చాయ్ తాగడానికి వెళ్లొచ్చేసరికి ఆమె దిమ్మ ముందు కూర్చుని ఉంది. రేకు మీద ఒక వరుస పూర్తయింది. బాపు ఆ వరుస మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిపించాడు. గోనెపట్టా మీద కొంచెం పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

బాపు పక్కకు జరగడం నేను చూడటం అదే మొదటిసారి. నాకోసం ఎప్పుడూ జరగలేదు. అంతకుముందు రెండు నెలలు నేనూ కొట్టాను. నా వరుసలు వంకర పోయేవి. "నీ చెయ్యికి తొందరెక్కువ రా. పోయి సదువుకో" అన్నాడు. చుట్టుపక్కల అందరూ ఎంత మంచి తండ్రో అనుకున్నారు. నాకు మాత్రం ఆ మాట ఇవాళ్టికీ చెంపదెబ్బలాగే వినిపిస్తుంది. ఐటీఐలో ఫిట్టరు చదివాను, ప్రభుత్వ ల్యాబులో ఉద్యోగం తెచ్చుకున్నాను, స్కూటరు కొన్నాను. బాపు పోయే ముందు సుంబాల పెట్టె తెప్పించుకుని వదిన ఒళ్లో పెట్టాడు. "ఇవి నీయి బిడ్డా" అన్నాడు. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. ఆ సుంబాలు నాకు పనికొచ్చేవి కావు. అయినా ఓర్వలేకపోయాను.

సక్కుబాయి పని గురించి రెండు సంగతులు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మొదటిది: కన్ను కొట్టాక ఆమె అక్కడితో వదలదు. గుండు తల ఉన్న ఇంకో కడ్డీతో ప్రతి కంటి అంచునూ మెత్తగా నొక్కుతుంది. దాంతో కంటి మూతి గుండ్రంగా లోపలికి జారుతుంది, పిండి పట్టుకోదు. ఆ వైపును మొగం అంటారు. వెనక వైపు పొడుచుకొచ్చిన పెదవిని గరుకు కాగితంతో రుద్దేస్తుంది, అక్కడ అంచు మాత్రం పదునుగానే ఉంటుంది. పని అయ్యాక కంటితో చూస్తే ఏది మొగమో ఏది వీపో తెలియదు, రెండూ ఒక్కలాగే మెరుస్తుంటాయి.

రెండోది దిష్టి కన్ను. జల్లెడ ఎంత పెద్దదైనా చివరి కన్ను పూర్తిగా పొడవరు. మొగం వైపు నుంచి సుంబాతో చిన్న గుంట పడేలా తట్టి వదిలేస్తారు. కళ్లన్నీ తెరుచుకున్న జల్లెడకు దిష్టి తగులుతుందని మా తాత కాలం నుంచి అదే పద్ధతి. ఆ గుంటే మొగం ఎటో కూడా చెబుతుంది. ఇది నాకు తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. అక్షరాల కంటే ముందు నాకు వచ్చింది అదే.

ఇక ల్యాబు సంగతి. విమానం ఇంజన్ ఇంధనం తక్కువ తాగాలంటే ముందుండే ఫ్యాను పెద్దది కావాలి, నిదానంగా తిరగాలి, దాని చుట్టూ ఉండే తొడుగు పొట్టిగా, తేలిగ్గా ఉండాలి. ఇక్కడే పేచీ. ఫ్యాను పెద్దదైతే దాని రొద ముందుకొస్తుంది. ఆ రొదను మింగేది తొడుగు లోపల గోడకు అతికించే చిల్లుల రేకు, దాని వెనక తేనెపట్టు లాంటి గళ్లు. తొడుగు పొట్టిదైతే మింగే చోటూ తగ్గిపోతుంది. పోనీ చిల్లులు పెంచుదామంటే గాలి వాటికి తట్టుకుని విమానాన్ని వెనక్కి ఈడుస్తుంది, మిగిల్చిన ఇంధనం మళ్లీ ఖర్చవుతుంది. చప్పుడు తగ్గాలి, గాలి మాత్రం అక్కడ చిల్లులున్నట్టే తెలియకుండా జారిపోవాలి. మా పూజిత మేడం రెండేళ్లుగా ఈ రేకు వెనకే పడి ఉన్నారు. ముప్పై దాటని పిల్ల, పెద్ద చదువు. నేను ఆమె గదిలో సీనియర్ టెక్నీషియన్ని.

లేజరుతో కోయించిన రేకులు వచ్చేవి. అంచుల్లో కరిగి గట్టిపడిన పూసలు ఉండేవి, గాలి వాటికి చిక్కుకునేది. పెద్ద యంత్రం మీద పరీక్షించడానికి ఒక్క రేకును ఎంచి పంపాల్సిన గడువు దగ్గర పడింది. మేడం విసుగెత్తి, "జల్లెడలు చేసేవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండు" అని నవ్వారు.

"మా ఇంట్లో చేస్తారు మేడం" అన్నాను. మా ఇంట్లో అంటే అందులో నేనూ ఉన్నట్టే కదా అనుకున్నాను.

మర్నాడే ఆమె శాలిబండ వచ్చారు. బాపు జరిగి చోటిచ్చిన గోనెపట్టా మీదే కూర్చున్నారు. వదిన చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు, సుత్తి పట్టే వేళ్లను ఫోనులో వీడియో తీసుకున్నారు. "అమ్మా, కన్ను పూర్తిగా పడిందని మీకెలా తెలుస్తుంది?" అని అడిగారు.

"మొదట్ల సప్పుడు ఇని తెల్సుకుంటుంటి మేడం. ఇప్పుడు ఈ చెవి పోయింది, ఆ చెవి సగం. సుంబా చెప్తది, చెయ్యికి తెలుస్తది" అంది వదిన.

మేడం చాలాసేపు ఆమె మొహమే చూస్తూ కూర్చున్నారు. నేను తెచ్చిన చాయ్ పక్కన చల్లారిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ల్యాబులో బోల్టులు బిగిస్తున్నాను. నా చేతులు ఎలా ఉంటాయో ఎవరూ అడగలేదు.

వదిన వారం రోజులు కష్టపడి జానెడు పొడవు, జానెడు వెడల్పు రేకు చేసింది. ఆవగింజ పట్టేంత కళ్లు, ముప్పై ఆరు వరుసలు, వరుసకు ముప్పై ఆరు. పాత చీర ముక్కలో చుట్టి నా చేతికిచ్చింది. "దిష్టి కన్ను గుంట గాలి దిక్కు ఉండాలె. యాది మరువకు" అంది. ల్యాబుకు వెళ్లగానే రేకులు బిగించే మైసయ్యకు ఆ మాట చెప్పాను. అతను తన పుస్తకంలో రాసుకున్నాడు. అక్కడిదాకా నేను మంచివాణ్నే.

మేడం రేకును కెమెరా కింద పెట్టారు. కంప్యూటరు కళ్లు లెక్కపెట్టింది. రావాల్సినవి వెయ్యిన్ని రెండువందల తొంభై ఆరు. వచ్చినవి ఒకటి తక్కువ.

"ఒకటి వదిలేసినట్టున్నారే" అన్నారు మేడం. "పోనీలెండి, ఇంత పనిలో ఒక్కటి. అసలు ఈ అంచులు చూశారా రామ్‌చందర్ గారూ? యంత్రం కూడా ఇలా చెయ్యలేదు. ఈమె మన ఊళ్లోనే, మీ ఇంట్లోనే ఉంటే ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

దిష్టి కన్ను మేడం, మా ఆచారం, అని చెప్పడానికి ఒక్క క్షణం పట్టేది. నా నోరు ఇంకోటి అంది. "పెద్దామె కదా మేడం, మరిచిపోయుంటుంది. నేను సరిచేస్తాను."

డ్రిల్లు తెచ్చాను. అర నిమిషం పట్టలేదు. ఆ గుంట చిల్లయింది, సన్నని అల్యూమినియం చుట్ట బల్ల మీద పడింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆ రేకులో నా చెయ్యి కూడా పడింది. పైగా సక్కుబాయి మరిచిపోయింది, రామ్‌చందర్ సరిచేశాడు అన్న మాట మేడం చెవిన పడింది. మొగం గుర్తు పోతుందన్న సంగతి ఆ నిమిషంలో నాకు తట్టలేదు. నమ్మితే నమ్మండి. నాకే పూర్తిగా నమ్మకం లేదు.

మర్నాడు నేను సెలవులో ఉన్నాను. రేకును పరీక్ష గాలిగొట్టంలో బిగించింది మైసయ్య. గుంట కోసం వెతికాడు, కనబడలేదు. రెండు వైపులా ఒక్కలాగే ఉంది. ఏదైతే ఏంటని ఒక వైపు పెట్టి బిగించేశాడు. గాలి వదిలారు. రేకు ఈల వేసింది. మామూలు ఈల కాదట, గదిలో ఉన్నవాళ్లు చెవులు మూసుకున్నారట. చప్పుడు మింగాల్సిన రేకు చప్పుడు చేసిందని ఆ సాయంత్రం మైసయ్య ఫోనులో చెప్పాడు. "చేతిపని చేతిపనే అన్నా. మేడం మస్తు బాధ పడ్డది. రేపు పొద్దున పదింటికి మీటింగు, లేజర్ రేకునే పంపుతరంట. ఈ రేకును తుక్కుల ఏస్తున్నరు" అన్నాడు.

నాకు సంతోషమేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? సంతోషమే వేసింది. చెప్పులు వేసుకుని తిన్నగా దుకాణానికి వెళ్లాను. ఎదురుగా నిలబడి ఆమె మొహం చూస్తూ చెప్పాలని వెళ్లాను.

"వదినా, నీ రేకు పనికిరాలే. ఈల ఏసిందంట. తీసి పడేస్తున్నరు."

సుత్తి ఆగింది. సగం చెవి నా వైపు తిప్పి మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే తిడుతుందనుకున్నాను.

"ఈల సన్నగనా, బొంగురుగనా?" అని అడిగింది.

"సన్నగనంట."

ఆమె లేచి మూలనున్న ముక్కల్లోంచి ఒక రేకు తీసింది. ల్యాబు రేకుకు ముందు చెయ్యి కుదరడానికి కొట్టిన ముక్క అది. దాన్ని పట్టుకుని పక్కనున్న పంక్చర్ దుకాణానికి నడిచింది. ఆ దుకాణం చాచాను గాలి పైపు ఇమ్మంది. వాళ్లిద్దరూ ఇరవై ఏళ్లుగా ఇరుగుపొరుగు, ఎందుకని కూడా అడగకుండా ఇచ్చాడు.

"నాకు సన్న సప్పుడు ఇనరాదు. నువ్వు ఇని చెప్పు" అంది నాతో. రేకు మొగం మీదుగా గాలి వదిలింది. సుయ్యిమని జారిపోయింది, అంతే. "ఈల వచ్చిందా?"

"రాలే."

రేకు తిప్పింది. వీపు మీదుగా గాలి వదిలింది. రేకు చెవిలో సూది గుచ్చినట్టు కూసింది. ఆమె నా పెదాలనే చూస్తోంది. "వచ్చిందా?"

నేను గనక లేదంటే అక్కడితో ఆ సంగతి ముగిసిపోతుంది. ఆమెకు వినబడదు. మర్నాడు పదింటికి రేకు తుక్కులో పడుతుంది. బాపు ఇచ్చిన చోటు, బాపు ఇచ్చిన పెట్టె, మేడం చెయ్యి పట్టుకుని చూసిన చూపు, అన్నీ ఒక్క మాటతో చెల్లిపోతాయి.

"రాలే" అన్నాను.

చాచా టైరు కింద పడేసి నా వైపు చూశాడు. "క్యా రామ్‌చందర్ భాయ్, కాన్ మే రూయీ డాలే క్యా? గల్లీ భర్ సున్‌రై సీటీ!" చెవుల్లో దూది పెట్టుకున్నావా, ఈల గల్లీ అంతా వినిపిస్తుంటే, అని.

వదినకు చాచా మాట కూడా సరిగ్గా వినబడలేదు. అవసరం కూడా లేదు. రేకు అంచు మీద ఉన్న ఆమె వేళ్లకు ఆ వణుకు ముందే తెలిసింది. పైపు చాచాకు ఇచ్చేసింది. దుకాణంలోకి వచ్చాక అడిగింది.

"తిప్పి పెట్టిన్రు. దిష్టి కన్ను జూస్తే ఎర్కయ్యేది గదా. ఆ కన్ను ఏమాయె?"

నేను సీసం దిమ్మను చూస్తూ నిలబడ్డాను.

"నువ్వు పొడిచినవా?"

"ఆ."

"ఎందుకు?"

నలభై ఏళ్ల జవాబు ఉంది నా దగ్గర. బయటికి వచ్చింది మాత్రం చిన్నపిల్లాడి మాట. "బాపు నాకెన్నడూ జరిగి చోటియ్యలే వదినా."

సక్కుబాయి కూర్చుంది. సుంబా తీసుకుంది, మళ్లీ పెట్టేసింది. కోపంతో ఆమె ముక్కు పుటాలు అదిరాయి. "అయితే మీ బాపుతోని కొట్లాడాలె. నా రేకేం జేసింది నిన్ను? ఏడు దినాలు నడుము పడిపోయేటట్టు కొట్టిన. రేపు నువ్వు ఏం చెప్తవో ఏం చెప్పవో నీ ఇష్టం. నేనైతే ఆడికి రాను, ఎవ్వరినీ బతిమాలను." అంతే. సుత్తి మళ్లీ మొదలైంది. నేను వెళ్లేదాకా తల ఎత్తలేదు.

మర్నాడు తొమ్మిదింటికే ల్యాబులో ఉన్నాను. రేకు తిప్పి పెట్టారు మేడం, అని మాత్రమే చెబుదామని బయల్దేరాను. అలాగే చెప్పాను. మేడం వెంటనే మైసయ్య వైపు తిరిగారు. "ఏ వైపు పెట్టాలో రాసుకున్నారుగా? మీ వల్ల నిన్నంతా పోయింది, తెలుసా?" మైసయ్య బిక్కమొహం వేసుకుని పుస్తకం తెరిచాడు. "గుంట ఉన్న దిక్కు గాలికి అని రాసుకున్న మేడం. గుంటనే లేకుండె."

అతను నా వైపు చూడలేదు. నేను సరిచేశానని అతనికి తెలియదు కూడా, మేడం ఇంకా ఆ గుంటనూ నేను సరిచేసిన కన్నునూ కలిపి చూడలేదు. ఇంకొంచెం సేపు నోరు మూసుకుంటే నేను గట్టెక్కేవాణ్ని.

"ఆ గుంటను నేనే పొడిచిన మేడం" అన్నాను. "ఆమె మరిచిపోలే. అది దిష్టి కన్ను, మా పనిలో కావాలనే వదుల్తరు. నాకు తెల్సు. ఆమెను మీరు మెచ్చుకుంటుంటే ఓర్వలేక పొడిచిన."

మేడం గోడ గడియారం వైపు తిరిగారు. తిట్టినా బాగుండేది. "పదింటికి ఇంకా నలభై నిమిషాలుంది. బిగించండి" అన్నారు. నేను పొడిచిన చిల్లును మైసయ్య టేపుతో మూశాడు. రేకు మీద వేలు నడిపి మొగం ఎటో నేను చెప్పాను. వేలికి తెలిసింది. బాపు నాకు అంత మాత్రం నేర్పాడన్నమాట.

గాలి వదిలారు. నేను ఈల కోసం చెవులు రిక్కించాను. నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా లోపల ఒక మూల ఈల వస్తే బాగుండుననే ఉంది. రాలేదు. చప్పుడు కొలిచే మీటరులో ముల్లు లేజర్ రేకు కంటే కిందనే ఆగింది, గాలి ఈడ్పు కూడా తగ్గింది. మీటింగులో సక్కుబాయి రేకునే ఖాయం చేశారు. పెద్ద యంత్రం కోసం అలాంటిదే కొత్తది చేయించమన్నారు. తెచ్చే పని నాకే అప్పజెప్పారు. మేడం ఆ మాట చెబుతూ నా కళ్లలోకి చూశారు.

పది రోజులకు కొత్త రేకు తయారైంది. వదిన ఆ పది రోజులూ నాతో అవసరమైనంత వరకే మాట్లాడింది. చీర ముక్క విప్పి చూపిస్తే వేలు నడిపాను. చివరి వరుసలో గుంట తగిలింది. దాని పక్కనే ఇంకో గుంట తగిలింది.

"రెండు ఎందుకున్నయి వదినా?"

"ఒకటి లోకానికి" అంది. నవ్వలేదు, కోపంగానూ లేదు. గిర్నీవాళ్లకు తెర కొలత చెప్పినట్టే చెప్పింది. "ఇంకొకటి నీకు."

చీర ముక్క చుట్టి నా చేతిలో పెట్టింది. శాలిబండ నుంచి ల్యాబు దాకా ఆ మూటను ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో కూర్చున్నాను.

కంప్యూటరు లెక్కపెట్టింది. ఈసారి రెండు తక్కువ.

"ఒకటి దిష్టి కన్ను, తెలిసింది. రెండోదేంటి?" అన్నారు మేడం. మైసయ్య చేతిలో డ్రిల్లు ఉంది, వేరే పనికి తెచ్చుకున్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

"అది కూడా ఉండాలి మేడం" అన్నాను. "అది నా పేరు మీద ఉంది."

కుళ్లు పోయిందా అంటే, పోలేదు. ఆమె ఫొటో పత్రికలో వస్తుందంటే మొన్న కూడా నాకు అన్నం సహించలేదు. కానీ ఇప్పుడు ఆ రేకు డ్రాయింగులో రెండు కళ్లూ మూసే ఉన్నాయి, చిల్లు వేయరాదని గీత గీసి మరీ చూపించారు. మొదటిదాని పక్కన మొగం వైపు అని రాశారు. రెండోదాని పక్కన ఏం రాయమంటారని మేడం నన్ను అడిగారు. ఏమీ వద్దన్నాను.